రెండు లైన్లు పైకి, రెండు లైన్లు కిందికి

పాస్టరు గారు చెక్కమెట్లెక్కి వస్తున్న చప్పుడు మిషన్ హోరులో కూడా ప్రూఫమ్మకు వినిపించింది. వినిపించకేం, బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటున్న అడుగులే. ఆ అడుగుల్ని బట్టి నాన్న మనసు ఏ పూట ఎలా ఉందో ఆమె చెప్పగలదు. ఇవాళ ఒక్కో మెట్టు మీద ఒక్కో చీవాటు పడుతున్నట్టుంది.

ఆయన లోపలికి వచ్చి, చేతిలోని కాగితం మడత విప్పి బల్ల మీద పరిచాడు.

“ఎవరు దిద్దారిది?”

ఆ ప్రెస్సులో ఆకుపచ్చ పెన్సిలు వాడేది ఒక్క మనిషే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా అడిగాడంటే, నోటితో ఒప్పించాలని.

“నేనే నాన్నా.”

“సువార్తను దిద్దేంతటిదానివయ్యావా?”

అచ్చుకు ముందు ప్రూఫుల్లో తప్పులు దిద్దే పని ఆమెది కాబట్టి, ప్రెస్సులో కింద కాగితాలు మోసేవాళ్ళ నుంచి ఓనరు దాకా అందరూ ఆమెను ప్రూఫమ్మ అనే పిలుస్తారు. హాజరు పుస్తకంలో తప్ప అసలు పేరు ఎక్కడా మిగల్లేదు. ముప్పై తొమ్మిదేళ్ళు. తల్లి పోయాక తండ్రీ కూతుళ్ళిద్దరే చర్చి వెనక ఇంట్లో ఉంటున్నారు. చర్చి ఇచ్చిన ఇల్లు అది. పాస్టరుగా ఉన్నంత కాలం ఉండొచ్చు, దిగిపోతే ఖాళీ చెయ్యాలి.

బల్ల మీది కాగితం ఆయన రాసిన పుస్తకంలోనిది, పొద్దున ఆమె దిద్ది ఆయనకు పంపిన ప్రూఫు. పేరు ‘నెరవేరిన నూట ఇరవై’. బైబిలు పాత నిబంధనలో ప్రవక్తలు ముందే చెప్పిన నూట ఇరవై సంగతులు కొత్త నిబంధనలో పొల్లుపోకుండా జరిగాయని చూపించే పుస్తకం. పన్నెండేళ్ళు కూర్చుని రాశాడు. రేపు ఆదివారం పొద్దున ఆరాధనలో విడుదల. వెనక అట్ట మీద ఆయన ఫోటో, దాని కింద ఆయన ప్రతి నెలా ప్రసంగంలో చెప్పే మాట: ‘ఇందులో ఒక్కటి తప్పని చూపించండి, ఆ రోజే ఈ పీఠం దిగిపోతాను.’ ఇరవై ఏళ్ళుగా అంటున్నాడు. ఒక్కరూ చూపించలేదు. చూపించడానికి ఎవరు మాత్రం కూర్చుని వెతుకుతారు?

“నలభై ఒకటోది చూడు,” అన్నాడాయన. “ప్రభువును పట్టించినందుకు ఇచ్చిన ముప్పై వెండి నాణేలు. యిర్మీయా ప్రవక్త చెప్పింది నెరవేరిందని మత్తయి తన సువార్తలో రాశాడు. నేనూ అదే రాశాను. నువ్వు యిర్మీయాను కొట్టేసి జెకర్యా అని పెట్టావు.”

“యిర్మీయాలో ఆ మాట లేదు నాన్నా. మొదటి నుంచి చివరిదాకా వెతికాను. కుమ్మరి ఉన్నాడు, పొలం కొనడం ఉంది. ముప్పై నాణేలు మాత్రం జెకర్యాలో ఉన్నాయి. మీరు పొరపాటు పడ్డారనుకుని దిద్దాను.”

“మత్తయిని తెరిచి చూశావా?”

ఆమె చూడలేదు. ప్రవచనం ఏ పుస్తకంలో ఉందో అదే మూలం అనుకుంది గానీ, సువార్త పేజీ తియ్యనే లేదు. పదహారేళ్ళ అనుభవం ఉన్న మనిషి చెయ్యాల్సిన పని కాదు. గబగబా బల్ల మీది బైబిలు పేజీలు తిప్పి, ఆ చోటు మీద వేలు పెట్టి చదివింది. యిర్మీయా అనే ఉంది.

“తప్పు నాదే. మూలంలో ఉన్నది మార్చకూడదు,” అని, తను కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టింది. చుక్కలు పెడితే, కొట్టేసినది అలాగే ఉంచమని అర్థం.

పాస్టరు గారి భుజాలు కాస్త కిందికి దిగాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్కడితో ఊరుకుంటే ఆ పూట గండం గట్టెక్కేది. కానీ ఆమె కన్ను ఇంకా ఆ పేజీ మీదే ఉంది.

“అయితే పొరపాటు మీది కాదు,” అంది నెమ్మదిగా.

ఆయన మరి ఎవరిది అని అడగాల్సిన చోట అడగలేదు. కింద మిషన్ ఆగింది.

“దానికి జవాబులున్నాయి,” అన్నాడు చివరికి. “అప్పట్లో చుట్టిపెట్టుకునే ప్రవక్తల పుస్తకాల్లో యిర్మీయాది ముందుండేది, అందుకని మొత్తానికీ ఆ పేరు పెట్టేవాళ్ళంటారు. ఇద్దరి మాటలూ కలిపి, పెద్దవాడి పేరు చెప్పాడనీ అంటారు.”

“ఆ జవాబులు పుస్తకంలో వేద్దాం. ఇక్కడ ఇలా ఉంది, కొందరు ఇలా అంటారు అని.”

“వేస్తే అనుమానం లేనివాడికి కూడా అనుమానం పుడుతుంది. సంతకం పెట్టు తల్లీ. రెండు కావస్తోంది.”

ఆ ప్రెస్సులో ఒక కట్టడి ఉంది. ఎప్పుడో ఒక మందుల కరపత్రంలో ఒక సున్నా ఎక్కువ పడింది. అదృష్టం బాగుండి ఎవరి ప్రాణం మీదికీ రాలేదు గానీ, ఓనరు నెల రోజులు తిండి సహించక చిక్కి సగమయ్యాడు. అప్పటి నుంచి ప్రింట్ ఆర్డర్ అనే పసుపు చీటీ మీద ప్రూఫు చూసిన మనిషి సంతకం పడందే అచ్చు ప్లేటు చెయ్యరు, మిషన్ కదలదు. ఆ సంతకానికి అర్థం ఒక్కటే: ఎత్తి రాసిన ప్రతి మాటనూ మూలంతో పోల్చి చూశాను. పోల్చడానికీ ఒక పద్ధతుంది. ఎత్తి రాసిన వాక్యం ఒక్కటే చూస్తే చాలదు, మూలంలో దానికి రెండు లైన్లు పైకి, రెండు లైన్లు కిందికి చదవాలి. కన్ను జారేది ఎప్పుడూ అంచుల్లోనే. ఈ పద్ధతి ఆమెకు నేర్పింది ఎవరో కాదు, ఎదురుగా కూర్చుని గడియారం చూస్తున్న ఈ పెద్దమనిషే. పాస్టరు కాకముందు ఆయన ఇదే గదిలో, ఇదే బల్ల దగ్గర ప్రూఫులు దిద్దేవాడు. తల్లి లేని పిల్లను ప్రెస్సులో చేర్పించిన మొదటి రోజున పక్కన కూర్చుని నేర్పాడు.

మరి ఈ పుస్తకానికి ఆమె ఆ పద్ధతి పాటించిందా? మొదటి ప్రూఫుకు లేదు, రెండోదానికీ లేదు. నాన్న రాసింది కదా, నాన్న కంటే బైబిలు తెలిసినవాళ్ళెవరని మూలం తెరవనే లేదు. నిన్న ముందుమాట ప్రూఫు వచ్చింది. అందులో ఆఖరి లైను: ‘ఇందులోని ప్రతి వాక్యాన్నీ నా కుమార్తె మూలంతో సరిచూసింది.’ చదివి సిగ్గుతో చచ్చిపోయింది. ఇవాళ పొద్దున్నే ఇంట్లో అటక మీదున్న నాన్న పాత బైబిలు దింపి, సంచిలో పెట్టుకొచ్చి, వాక్యం వాక్యం చూడటం మొదలుపెట్టింది. ఆ పాత బైబిల్లో ఆమెకు ఇంకొకటి కూడా కనిపించింది. అది నాన్నకు చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

“ఇదొక్కటే కాదు నాన్నా,” అంది.

“ఇంకా ఏంటి?”

“ఐగుప్తు నుంచి కుమారుణ్ణి పిలిచాడని ఉందే, ఏడోది. హోషేయ ప్రవక్త పుస్తకంలో చూశాను. అక్కడ కుమారుడంటే ఇశ్రాయేలు జనం. జరిగిపోయినదాన్ని తలుచుకుంటున్నాడు. రెండు లైన్లు కిందికి వస్తే, ఆ పిలిచినవాళ్ళే వేరే దేవుళ్ళకు ధూపం వేశారని ఉంది. పై లైను ప్రభువు గురించైతే, కింది లైను ఎవరి గురించి?”

“ప్రవచనానికి రెండు అర్థాలుంటాయి. ఒకటి అప్పటికి, ఒకటి తర్వాతికి.”

“మూడోది, కన్యక కొడుకును కంటుందన్న గుర్తు. యెషయాలో చూశాను. అక్కడ ఒక రాజు ఇద్దరు శత్రువులకు భయపడి వణికిపోతున్నాడు. ఒక బిడ్డ పుడతాడు, వాడికి మంచీ చెడ్డా తెలిసేలోపే ఆ శత్రువుల దేశాలు పాడైపోతాయని ప్రవక్త ధైర్యం చెప్పాడు. ఏడు వందల ఏళ్ళ తర్వాత పుట్టే బిడ్డ ఆ రాజుకు ఏం పనికొస్తాడు నాన్నా?”

“నువ్వు ఎవరి మాటలు వింటున్నావు?”

“ఎవరి మాటలూ వినలేదు. రెండు లైన్లు పైకీ కిందికీ చదివాను, అంతే.”

పాస్టరు గారు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. కాలు కాలిన పిల్లిలా ఆ చిన్న గదిలో తిరగడానికి చోటు కూడా లేదు.

“పోనీ అవి వదిలెయ్. ప్రభువు గాడిద పిల్ల మీద ఊళ్ళోకి రావడం? అచ్చంగా జరిగింది కదా? దానికేమంటావు?”

ఆమె పెన్సిలు కింద పెట్టింది. ఈ మాట అనాలా అని ఒక్క క్షణం వెనకాడింది. “రాతప్రతి చూసి కంపోజు చేసిన ప్రూఫు ఆ రాతప్రతితో కలిసిందని మనం ఎప్పుడైనా ఆశ్చర్యపోయామా? సువార్త రాసినాయన ముందు పాత పుస్తకం తెరిచే ఉంది కదా. అలా జరగలేదని నేననట్లేదు. కలిసిందన్న ఒక్క కారణంతో రుజువైందని సంతకం ఎలా పెట్టను?”

పాస్టరు గారి ముఖం పాలిపోయింది. కోపమైతే ఆమె తట్టుకునేదే, చిన్నప్పటి నుంచి అలవాటు. ఇది కోపం కాదు.

అంతలో తలుపు తోసుకుని ఓనరు తల లోపలికి పెట్టాడు. పొట్టిగా, గుండ్రంగా ఉండే మనిషి, ఎప్పుడూ రొప్పుతూనే ఉంటాడు. “పాస్టరు గారూ, మీరూ ఇక్కడే ఉన్నారా, మంచిదైంది. ప్రూఫమ్మా, ఆ చీటీ ఇటు పడేస్తే ప్లేట్లకి పంపిస్తా. మూడింటికి మిషన్ ఎక్కకపోతే మడతలు పడవు, కుట్టు పడదు. రేపు పొద్దున జనం చేతిలో ఉత్త అట్టలు పెట్టి పంపాలి.”

“పది నిమిషాలు,” అంది ఆమె.

“పదే. పదకొండోది అడిగితే నా గుండె ఆగిపోద్ది,” అని తలుపేసుకుని వెళ్ళాడు.

ఆయన అడుగులు కిందికి దిగిపోయాయి.

“ఎన్నంటావు?” అన్నాడు పాస్టరు గారు గోడ వైపు చూస్తూ.

“సగం కూడా పూర్తి కాలేదు. నేను సంతకం పెట్టలేనివి ఇప్పటికి పదకొండు.”

“పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా? రేపు నాలుగు వందల మంది వస్తారు. పుస్తకం ఏదంటారు. నా కూతురు ఆపిందని చెప్పనా? ఎందుకాపిందంటే ఏం చెప్పను? వెనక అట్ట మీద నేను రాసిన మాట వాళ్ళందరికీ నోటికి వచ్చు. నువ్వు ఆపావంటే, నన్ను దిగమన్నట్టే. దిగితే ఇల్లుండదు. ఈ వయసులో నేను సంచి పట్టుకుని ఎక్కడికి పోవాలి?”

ఈ మాట వస్తుందని ఆమెకు పొద్దుటి నుంచి తెలుసు. జడ వెయ్యడం రాకపోయినా రోజూ వంకర పాపిట తీసి బడికి పంపిన మనిషి. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చిన మనిషి. ఆయన్ని వీధిలో నిలబెట్టి తను ఏం బావుకుంటుంది? ఒక్క సంతకం. రోజుకు పది పెడుతుంది.

పసుపు చీటీ దగ్గరికి లాక్కుంది. పెన్ను తీసింది. ‘మూలంతో పోల్చి చూశాను’ అని అచ్చులో ఉన్న గీత మీద ములుకు ఆనించింది. చుక్క పడింది. అక్కడి నుంచి చెయ్యి కదల్లేదు.

“దేవుడు లేడని నేననట్లేదు నాన్నా,” అంది. “రోజూ ప్రార్థన చేసుకునేదాన్నే, రేపూ చేసుకుంటా. ఈ లైను ఆ మాట చెప్పట్లేదు అంటున్నా, అంతే. చెప్పనిదాన్ని చెప్పిందని నా చేత్తో రాయలేను.”

“సరే. అవతలికి జరుగు.” ఆయన చెయ్యి చాచాడు. “ఈ గదిలో ఎనిమిదేళ్ళు ప్రూఫులు చూశాను. నా సంతకం ఓనరు కాదనడు. నేను పెడతాను.”

చీటీ ఆయన చేతిలోకి వెళ్ళింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేనని ఆమెకు అర్థమైంది. చెబితే ఆయన్ని నిలువునా కోసినట్టు. చెప్పకపోతే, తన తండ్రికి ఇవేవీ తెలియవన్నట్టు జీవితాంతం నటించాలి. పాత బైబిలు తీసుకుని, హోషేయ దగ్గర తెరిచి, కిటికీ వెలుగు ఏటవాలుగా పడేలా ఎత్తి పట్టుకుంది.

“సంతకం పెట్టే ముందు ఇది చూడండి.”

పక్క ఖాళీలో ఏమీ లేదు. మామూలుగా చూస్తే ఏమీ లేదు. కానీ పెన్సిలు గీతను రబ్బరుతో చెరిపినా కాగితంలో గాడి మిగులుతుంది, ప్రూఫులు చూసేవాళ్ళకు ఆ గాడి చదవడం చేతనవును. చిన్న గుండ్రటి గీత, లోపల ప్రశ్నార్థకం. ప్రెస్సు వాడుకలో దానికి అర్థం ‘రచయితను అడగాలి’ అని. ఆ ప్రశ్నార్థకం కింద చుక్క లేదు, చిన్న సున్నా ఉంది. చుక్కకు బదులు సున్నా పెట్టే మనిషి ఆమె ఎరిగినంతలో ఒక్కడే.

“యెషయాలో కూడా ఉంది,” అంది. “మత్తయిలో ఇందాక వేలు పెట్టిన చోట కూడా.”

పాస్టరు గారు పుస్తకం అందుకోలేదు. దూరం నుంచే చూశాడు. చాలాసేపు చూశాడు. కింద ఎవరో మెట్ల దగ్గర నిలబడి “చీటీ!” అని కేక వేశారు.

“నువ్వు పదకొండు అన్నావు కదూ,” అన్నాడాయన.

“అవును.”

“నాకు పదిహేడు దొరికాయి.”

ఆమె ఎత్తి పట్టుకున్న బైబిలు కిందికి దించింది.

“పెద్ద పాస్టరు గారి దగ్గరికి పట్టుకెళ్ళాను. నాకంటే ముందున్నాయన. అవునని అనలేదు, కాదని అనలేదు. రచయిత ప్రెస్సుకి రాడు అబ్బాయ్ అన్నాడు. సొరుగు తీసి రబ్బరిచ్చాడు.” ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. “ఆ నెలలోనే నువ్వు మీ అమ్మ కడుపున పడ్డావు. అద్దె గదిలో వాన కురిస్తే మంచం జరుపుకోవాల్సి వచ్చేది. పాస్టరు పనితో పాటు ఇల్లిస్తామన్నారు. ఆయన ముందే కూర్చుని పదిహేడూ చెరిపాను.”

“మరి ఇన్నేళ్ళూ...”

“అబద్ధం చెప్పాననుకోకు తల్లీ. మొదటి ఏడాది నోరు తడబడేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత నమ్మాను కూడా. వారం వారం నాలుగు వందల మంది తలాడిస్తుంటే నమ్మకం వస్తుంది.”

ఆమెకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. నీకో నీడ కోసమే చేశానంటే ఏ కూతురు మాత్రం ఏమంటుంది? బైబిలు మూసి బల్ల మీద పెట్టింది. ఆయన ఇప్పుడు చీటీ చింపేస్తాడని ఒక్క క్షణం ఆశపడింది. నిజంగానే ఆశపడింది.

ఆయన చింపలేదు. ముందుమాట ప్రూఫు దగ్గరికి లాక్కుని, ఆమె ఆకుపచ్చ పెన్సిలు అడిగి తీసుకున్నాడు. ఆఖరి లైను మీద, తన కుమార్తె సరిచూసిందన్న లైను మీద, ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీశాడు. పక్కన తీసెయ్యమనే గుర్తు పెట్టాడు. ఎన్నేళ్ళైనా చేతి వాటం పోలేదు, గుర్తు ముత్యంలా వచ్చింది. ఆ తర్వాత పెన్ను తీసి, ఆమె పెట్టిన చుక్క పక్క నుంచి మొదలుపెట్టి, పసుపు చీటీ మీద తన సంతకం పూర్తి చేశాడు.

“నీకు అంటకూడదు,” అన్నాడు. “అదొక్కటే చెయ్యగలను.”

“వెనక అట్ట మీది మాట?”

“అట్టలు పోయిన వారమే అచ్చయిపోయాయి కదమ్మా.”

ఓనరు రొప్పుతూ వచ్చి చీటీ చూశాడు. సంతకం చూసి కళ్ళు పెద్దవి చేశాడు. ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడక్కుండా దిద్దిన ప్రూఫులు కూడా తీసుకుని వెళ్ళాడు, బతుకు తెలిసిన మనిషి. కాసేపటికి ప్లేట్లు ఎక్కి, కింద మిషన్ కదిలింది. బల్ల సన్నగా అదరడం మొదలుపెట్టింది. దాని మీద పాత బైబిలు కూడా కొద్దికొద్దిగా అదిరింది.

పాస్టరు గారు చొక్కా సర్దుకుని తలుపు దాకా వెళ్ళాడు. చెక్కమెట్ల మీద ఒక కాలు పెట్టి, అటు తిరిగే అడిగాడు.

“రేపు వస్తావా?”

“వస్తాను నాన్నా. ఎప్పటిలాగే మొదటి వరుసలో కూర్చుంటాను.”

ఆయన తలాడించాడు. ఒక మెట్టు దిగాడు. మళ్ళీ ఆగాడు.

“అయితే నేను మాట్లాడుతున్నంతసేపూ నా వైపు చూడకమ్మా.”